మొగులమ్మతో బామ్ని దాకా

మా తాండూరు వైపు నుంచి చంద్రపూర్ పోయేవాళ్లుంటే మహంకాళి మొక్కు కోసం పోతారు, లేదంటే బొగ్గు గనుల్లో పనిచేసే చుట్టాలను చూడ్డానికి పోతారు. నేను పోయింది బురద కోసం. నీళ్లలోంచి బురదను వేరుచేసే ఒక మిషన్‌ను చూసి రావడానికి. అది కూడా ఒక్కదాన్నే కాదు, మా మీద పంచాయితీ పెట్టిన మనిషిని వెంటబెట్టుకొని.

మాకు ఊరి బయట బండలు కోసి పాలిష్ పట్టే చిన్న ఫ్యాక్టరీ ఉంది. హైదరాబాదులో ఎక్కడ చూసినా అపార్ట్‌మెంట్లు లేస్తున్న రోజులవి. మా నీలం బండలు ఓడలెక్కి బయటి దేశాలకు కూడా పోవడం మొదలైంది. ఒక్క మిషన్‌తో మొదలుపెట్టిన మా ఆయన బస్వరాజ్ చూస్తుండగానే నాలుగు మిషన్లు పెట్టాడు. బ్లేడు బండను కోస్తున్నంతసేపూ దాని మీద నీళ్లు పడుతూ ఉండాలి. లేకపోతే బ్లేడు కాలిపోతుంది, దుమ్ము లేచి పనివాళ్లకు ఊపిరాడదు. ఆ నీళ్లు రాతిపొడిని కలుపుకొని పాలలాగా బయటికొస్తాయి. చుట్టుపక్కల అందరూ చేసినట్టే మేమూ వాటిని వెనక కాలువలోకి వదిలేవాళ్లం. ఆ కాలువ మొగులమ్మ కంది చేను అంచున పోతుంది.

మొగులమ్మకు యాభై దాటి ఉంటాయి. భర్త పోయాక చేను తానే చేసుకుంటోంది. వానల్లో కాలువ పొంగి మా తెల్లనీళ్లు ఆమె చేన్లోకి మళ్లాయి. ఎండాకాలానికి చేను దిగువ భాగమంతా సున్నం పూసినట్టయి, పెచ్చులు కట్టింది. గుంటక తగిలితే పెంకులాగా లేచేది. ఆమె మా గేటు ముందుకొచ్చి అరిచినప్పుడల్లా మా ఆయన ఏదో సర్దిచెప్పి పంపేవాడు. ఒకరోజు అరవడం మానేసి ఊరి పెద్దమనుషుల దగ్గరికి పోయింది.

వానలు పడేలోపల బురద ఆపాలి, ఆపలేకపోతే ఫ్యాక్టరీ మూసేయాలి అన్నారు పెద్దమనుషులు. అప్పుడు మా ఆయన చంద్రపూర్ దగ్గర బామ్ని అనే ఊళ్లో ఉన్న మిషన్ మాటెత్తాడు. బ్లేడ్లు అమ్మడానికి వచ్చే మనిషి దాని గురించి చెప్పాడట. "అదే మిషన్ మేం పెడతం. వాడిన నీళ్లే మళ్లా వాడుకుంటం. చుక్క బయటికి పోదు" అన్నాడు.

"నేను చూడాలె" అంది మొగులమ్మ. "చూసినంక చెప్తా, ఉంచాలెనో మూయాలెనో."

పెద్దమనుషులు సరేనన్నారు. మా ఆయన టికెట్ల గురించి మాట్లాడబోతే ఆమె తలడ్డంగా ఊపింది. "నీతోని రాను. మీ ఆడామెను తోలు."

అట్లా నా వంతొచ్చింది. ఫ్యాక్టరీ మీద ఆధారపడ్డ ఇళ్లు చాలా ఉన్నాయి, అందులో మాదొకటి. ఆమె నోట్లోంచి వచ్చే ఒక్క మాట కోసం మహారాష్ట్ర దాకా పోవాలి.

సికింద్రాబాద్ దాటినంక

సికింద్రాబాద్ స్టేషన్‌లో నేను ఇద్దరికీ కలిపి టికెట్లు తీసుకోబోతే మొగులమ్మ నా చెయ్యి పక్కకు జరిపి, బొడ్లోంచి గుడ్డసంచి తీసి తన టికెట్ తానే కొనుక్కుంది.

"ఎందుకు పెద్దమ్మా, మా పని మీదనే కదా పోతున్నం" అన్నాను.

"నీ టికెట్ మీద వస్తే నీ మాటే చెప్పాల్సి వస్తది."

రైల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. ఆమె తన మూట విప్పి జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, వెల్లుల్లి కారం తీసుకొని తింది. నేను పులిహోర డబ్బా తెరిచి ముందుకు చాపితే చూడనట్టు కిటికీలోంచి బయటికి చూసింది. కాజీపేట దాటాక పక్కసీటు ఆవిడ మమ్మల్ని అత్తాకోడళ్లనుకొని, "కోడలి మీద అలిగినవా అవ్వా?" అని అడిగింది.

"కోడలు కాదు. పగోళ్లం" అని చెప్పింది మొగులమ్మ, మామూలు మాటలాగా. ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మంచిర్యాల దాటాక పచ్చదనం చిక్కబడింది. ఎండ మాత్రం పోయేకొద్దీ ముదురుతోంది. కిటికీ చువ్వ ముట్టుకుంటే చెయ్యి కాలింది. స్టేషన్లలో అమ్మేవాళ్ల మాట మెల్లగా మారుతూ వచ్చింది. కాగజ్‌నగర్ దాకా తెలుగులో అరిచినవాళ్లు ఆ తర్వాత సగం హిందీ, సగం మరాఠీ. దారి పొడుగునా నాకు ఒకటే ఆలోచన. ఆ మిషన్ నిజంగా ఉందా? ఉన్నా, బ్లేడ్లు అమ్మేవాడు చెప్పినట్టు పనిచేస్తుందా? మా ఆయన కూడా దాన్ని చూసింది లేదు. చూడనిదాని మీద అందరి ముందూ మాటిచ్చాడు.

బల్లార్షా ప్లాట్‌ఫారం

బల్లార్షాలో రైలు చాలాసేపు ఆగుతుంది. కాస్త కునుకు పట్టి, కళ్లు తెరిచేసరికి ఎదురుసీటు ఖాళీగా ఉంది. మూట ఉంది, మనిషి లేదు.

చెంబు తీసుకొని నీళ్లకు దిగిందని పక్కవాళ్లు చెప్పారు. నేనూ దిగి నల్లా దగ్గరికి పరిగెత్తాను. అక్కడ లేదు. ఆ మనుషుల రద్దీలో ఏ మూలకని చూడను? ఆమెకు హిందీ అంతంతమాత్రం, మరాఠీ అసలే రాదు. ఇక్కడ తప్పిపోతే ఊళ్లో ఏమనుకుంటారు? పంచాయితీ పెట్టిన ముసలామెను తీసుకుపోయి ఎక్కడో వదిలేసి వచ్చిందంటారు. ఆ మాట తలుచుకుంటూనే ఒక్కో బెంచీ వెతుక్కుంటూ పరిగెత్తాను.

ప్లాట్‌ఫారం చివర, నీడలో, గంపలు పెట్టుకొని కూర్చున్న ఆడవాళ్ల మధ్య కనిపించింది. వాళ్లంతా పెద్దపల్లి, మంథని వైపువాళ్లు, గనుల్లో పనిచేసేవాళ్ల ఇంటివాళ్లు. తెలుగు వినబడి ఆగిందట.

"ఏంది గట్ల ఉరుకుతున్నవ్?" అంది నన్ను చూసి. "ఈళ్లను అడుగుతున్న, బామ్ని కాడ బండల ఫ్యాక్టరీ ఎవల్కన్న ఎరుకనా అని."

"ఎరుకేనటనా?" అన్నాను.

"ఉన్నదట. మిషన్ సంగతి మాత్రం ఎవరికీ తెల్వదు."

రైలెక్కి కూర్చున్నాక, చెంబులో నీళ్లు కొంచెం నా వైపు జరిపింది. గటగటా తాగేశాను.

చంద్రపూర్

ఆ ఫ్యాక్టరీ గంగాధర్ గారిది. వాళ్ల తాతల కాలంలో కరీంనగర్ వైపు నుంచి వచ్చి చంద్రపూర్ బజార్లో దుకాణం పెట్టుకున్నారు. ఇప్పుడు దుకాణం పైనే ఇల్లు, బామ్నిలో ఫ్యాక్టరీ. గనుల కాలనీలకు, కొత్తగా వస్తున్న క్వార్టర్లకు కింద పరిచే బండలు కోసిస్తారు. మేం వస్తున్నామని మా ఆయన ఎస్టీడీ బూత్ నుంచి ముందే చెప్పాడు కాబట్టి స్టేషన్‌కు ఆయనే వచ్చాడు. పాత కోట గోడ, దాని దర్వాజాలోంచే ఆటోలు, లారీలు, సైకిళ్లు. మొగులమ్మ ఆ దర్వాజా కింద పోతుంటే తల వంచింది, అది తలకు తగులుతుందేమోనన్నట్టు.

గంగాధర్ గారి భార్య సునంద మా ఇద్దరికీ కాళ్లకు నీళ్లిచ్చి, పచ్చి మామిడికాయ ఉడికించి చేసిన పన్నా తెచ్చింది. ఆమె తెలుగు మా తెలుగులాగే ఉంటుంది, మధ్యమధ్యలో మరాఠీ దూరుతుంది. మొగులమ్మను "మావ్శీ" అని పిలిచింది, అంటే పిన్నమ్మ.

"మావ్శీ, జేవణ్ పెట్టనా? భాకరీ చేసిన, మీ జొన్నరొట్టె తీరుగనే ఉంటది."

మా ఇంటి పులిహోర ముట్టని మొగులమ్మ సునంద చేతి భాకరీ తిన్నది. ఈమెతో ఆమెకు పంచాయితీ లేదు కదా. రొట్టె మాదానికంటే మందంగా ఉంది, జొన్నలు కొంచెం తియ్యగా ఉన్నాయి. పప్పు కలుపుకొని ఒక ముద్ద నోట్లో పెట్టుకొని ఆగింది.

"ఎట్లుంది మావ్శీ?"

"మంచిగుడికింది. రుచే జర తక్కువ. మా చేని కందిపప్పయితే..." అని ఆపేసింది. సునందకు ఏమీ అర్థంకాక ఇంకాస్త నెయ్యి వేసింది.

ఆ ఇంట్లో పిల్లలు మరాఠీ బడిలో చదువుతారు. గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో తిథి చూడాలంటే గంగాధర్ గారు అక్షరం అక్షరం కూడబలుక్కుంటాడు. మాట మాత్రం పోలేదు. ఊరంతా ఎండకు తలకు, ముఖానికి గుడ్డలు చుట్టుకొని తిరుగుతారు. నేనూ బజార్లో ఒక తువ్వాలు కొన్నాను. పొద్దున టిఫిన్‌కు అటుకుల మీద ఎర్రటి శనగల పులుసు పోసి ఇస్తారు. ప్లేటు రెండు రూపాయలు. మొదటి చెంచాకే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మొగులమ్మ కారం సరిపోలేదని పక్కన పచ్చిమిరపకాయ అడిగింది.

బామ్ని

బామ్నిలో ఫ్యాక్టరీ మా దానికంటే పెద్దదేమీ కాదు. గేటు లోపలికి పోగానే నేను వెతికింది తెల్లనీళ్ల కోసం. కాలువ ఎండి ఉంది. నా గుండె కొంచెం కుదురుకుంది. కానీ మిషన్ల చప్పుడు కూడా లేదని అప్పుడే గమనించాను.

గంగాధర్ గారు ఇబ్బందిగా నవ్వాడు. "నిన్న రాత్రి బురద ఒత్తే ప్రెస్ బట్టలు చినిగినయ్. కొత్తవి నాగపూర్ నుంచి రావాలె."

షెడ్డు వెనక గరాటు ఆకారంలో పెద్ద ఇనుప ట్యాంకు, దాని పక్కన ప్రెస్. ప్రెస్ అంటే పక్కపక్కనే నిలబెట్టిన ఇనుప పలకలు, వాటి నడుమ మందపాటి బట్టలు. ఆయన ఎట్లా పనిచేస్తుందో చెప్పాడు. బురదనీళ్లు ట్యాంకులోకి ఎక్కుతాయి. బురద అడుగుకు దిగుతుంది, తేరిన నీళ్లు తిరిగి బ్లేడు దగ్గరికి పోతాయి. అడుగున మిగిలిన చిక్కటి బురదను ప్రెస్‌లోకి తోసి పలకలు ఒత్తితే, మిగతా నీళ్లు బట్టలోంచి కారిపోయి గట్టి బిళ్ల మిగులుతుంది.

"శ్రీఖండ్ తీపికి పెరుగు మూటగడతం చూడు, గట్ల" అంది సునంద.

కొత్త రకం బ్లేడు కూడా చూపించాడు. మేం వాడేదానికంటే పలుచన. బ్లేడు ఎంత మందముంటే అంత రాయి పొడైపోతుంది, అది పలుచనైతే బండలు ఎక్కువొస్తాయి, బురద తక్కువ. ఇట్లాంటివి ఇంతకుముందు దొరికేవి కావట, ఇప్పుడు బయటి సరుకు రావడం సులువైందట. అంచులు కోయగా మిగిలే ముక్కలను మేం పారబోస్తాం. ఈయన వాటిని చిన్నచిన్న చదరాలుగా కోసి వాకిళ్లకు అమ్ముతున్నాడు. నేను శ్రద్ధగా వింటున్నట్టే ఉన్నాను కానీ కన్ను మాత్రం మొగులమ్మ మీదే.

ఆమె ఆగిపోయిన ప్రెస్ చుట్టూ తిరిగి, వేలాడుతున్న చినిగిన బట్టను వేళ్లతో పట్టుకొని చూసింది.

"ఇది దినాం నడుస్తదా, ఎవరన్న వస్తున్నరంటేనే నడుస్తదా?" అంది.

గంగాధర్ గారి ముఖం ఎర్రబడింది. "దినాం నడుస్తది అమ్మా. నిన్ననే చినిగింది."

"మేం వచ్చే ముందే చినిగింది" అంది ఆమె. నా వైపు చూడలేదు. చూడకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

సాస్తి

నాగపూర్ బట్టలు ఎప్పుడొస్తాయో తెలియదు. అప్పటిదాకా ఆమె ఉంటుందా? ఇంట్లో మేకను పక్కింటివాళ్లకు అప్పజెప్పి వచ్చింది, పొద్దున లేస్తే దాని మాటే. చివరికి గంగాధర్ గారికే ఒక ఆలోచన వచ్చింది. సాస్తిలో కొమురయ్య అని ఒక దర్జీ ఉన్నాడు. గనిలో లారీల మీద కప్పే టార్పాలిన్లు కుడతాడు, మందపాటి బట్ట కుట్టే మిషన్ అతని దగ్గరే ఉంది. చినిగినవాటికి అతుకులేయిస్తే పని నడుస్తుంది.

జీపులో మేమూ ఎక్కాం. బయలుదేరే ముందు మొగులమ్మ, "నేనూ వస్త. మీరు ఆడికి పోతున్నరో ఇంకేడికి పోతున్నరో" అంది. వార్ధా నది దాటి రాజురా వైపు తిరిగితే సాస్తి. దారి పక్క మట్టి గుట్టలు మొదలయ్యాయి. గుట్టలంటే దేవుడు పెట్టినవి కావు. బొగ్గు కోసం పైనున్న నేలను తవ్వి పోసినవి. ఒకదాని వెనక ఒకటి, చెట్టూ చేమా లేకుండా. మొగులమ్మ జీపులోంచి మెడ చాచి చూసింది.

"ఈ మన్నంత ఎవరి చేన్లది?" అని అడిగింది.

గంగాధర్ గారికీ తెలియదు. అంతలో దూరంగా నేల కదిలినట్టు ఒక పేలుడు వినబడింది. నేను సీటు పట్టుకున్నాను.

కొమురయ్య మంథని వైపు మనిషి. తెలుగు మాట వినగానే స్టూళ్లు తుడిచి వేశాడు. కొడుకులిద్దరూ గనిలోనే పని, మనవలు ఇంట్లో మరాఠీ మాట్లాడుకుంటారు. తాను మాత్రం ఇంకా కలలు తెలుగులోనే కంటానని చెప్పి నవ్వాడు. బట్ట చూసి, "దీనికి రెండు మడతలు వేయాలె. లేకుంటె మళ్లా గిక్కడ్నే పోతది" అన్నాడు. అతను కుడుతున్నంతసేపూ మొగులమ్మ బట్ట రెండో అంచు జారకుండా పట్టుకొని కూర్చుంది. సాయం చేయాలని కాదట. తననెవరో అడిగినట్టు తానే చెప్పింది: "అతుకు సరిగ్గ పడ్డదో లేదో చూడొద్దా?"

మళ్లీ బామ్ని

మర్నాడు బట్టలు బిగించి మిషన్లన్నీ నడిపించారు. బ్లేడు బండలోకి దిగినప్పుడు వచ్చే కీచుమనే చప్పుడు మా ఫ్యాక్టరీలో రోజూ వినేదే, ఆ రోజు మాత్రం నా పళ్లు జివ్వుమన్నాయి. తెల్లనీళ్లు కాలువ గుండా గుంటలో పడి, అక్కడి నుంచి పంపు ఎత్తితే ట్యాంకులోకి పోయాయి. మేం అందరం నిలబడి చూశాం. పెళ్లిచూపుల్లో కూడా నేనంత ఊపిరి బిగబట్టలేదు.

ట్యాంకు పై అంచు నుంచి నీళ్లు పొర్లడం మొదలైంది. మొదట కొంచెం మబ్బుగా, తర్వాత తేటగా. మొగులమ్మ దోసిలి పట్టి, నీళ్లు వదిలేసి, తడి అరచేతిని ఎండకు చాపింది. ఆ ఎండకు చెయ్యి వెంటనే ఆరిపోయింది. అరచేతి గీతల్లో సన్నటి తెలుపు మిగిలింది, పిండి ముట్టుకున్న చేతికి ఉన్నంత.

"మీ నీళ్లయితే చెయ్యి మొత్తం తెల్లగైతది" అంది. మిషన్‌కు అనుకూలంగా ఆమె అన్న మొదటి మాట అదే.

ప్రెస్ పలకలు విప్పితే బూడిదరంగు బిళ్లలు దబ్బుదబ్బుమని కింద పడ్డాయి. ఒకదాన్ని నేను చేతిలోకి తీసుకున్నాను, చల్లగా, గట్టిగా ఉంది. అతుకేసిన చోట కారలేదు. ఇక గండం గడిచినట్టే అనుకున్నాను. అంతలో మొగులమ్మ అడిగింది: "గీ బిళ్లలు ఏడికి పోతయ్?"

"ఇటుకలు చేసేటాయన తీస్కపోతడు. కరెంటు ఫ్యాక్టరీ బూడిదతోని కలిపి ఇటుక చేస్తడు" అన్నాడు గంగాధర్ గారు.

"అన్నీ?"

"కొన్ని."

ఆమె ఇంకేమీ అడగకుండా షెడ్డు వెనక్కి నడిచింది. నేనూ వెంట పోయాను. వెనక గోడ పక్కన బిళ్లల కుప్ప, మనిషెత్తు కంటే ఎక్కువ. ఇటీవలి గోడ, సిమెంటు ఇంకా కొత్తగానే ఉంది. గోడ అవతల నల్లమట్టి చేను. చేన్లో ఒకావిడ పత్తికట్టె పీకి కట్టలు కడుతోంది.

మొగులమ్మ గేటు దాటి, చుట్టూ తిరిగి, ఆ చేన్లోకి దిగింది.

సుమన్‌బాయి చేన్లో

ఆ రైతు పేరు సుమన్‌బాయి. ఆమెకు తెలుగు రాదు, మొగులమ్మకు మరాఠీ రాదు. అయినా వాళ్లిద్దరూ గట్టు మీద కూర్చున్నారు. మట్టీ, పానీ, పత్తికి కపాస్, ఇట్లా ఇద్దరికీ తెలిసిన మాటలు కొన్ని. మిగతాదంతా చేతులతో. మొగులమ్మ మన్ను పిడికిట్లోకి తీసుకొని, తెల్లగా అయిందా అన్నట్టు తన తల తెల్లవెంట్రుకలు చూపించింది. సుమన్‌బాయి నవ్వి, అవునన్నట్టు తలూపింది.

"మషీన్ చాంగ్లీ ఆహే" అంది, ఫ్యాక్టరీ వైపు చూపిస్తూ. మిషన్ మంచిదే అని. తర్వాత "పణ్..." అని ఆగింది. పణ్ అంటే 'కానీ' అని నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, ఆమె ముఖంలోనే ఉంది.

అప్పటికి సునంద కూడా వచ్చింది. మిగతాది ఆమె తెలుగులో చెప్పింది. మిషన్ పెట్టినంక బురదనీళ్లు రావడం ఆగిపోయింది నిజమే. కానీ పోయిన వానల్లో ఆ బిళ్లల కుప్ప తడిసి, కరిగి, మళ్లీ ఇదే చేన్లో పడింది. గోడ కట్టింది ఆ తర్వాతే. ఇంకొక సంగతి, అంతకుముందు పాడైన నేల మిషన్ వచ్చినంత మాత్రాన బాగుపడలేదు. పైనున్న తెల్ల పెచ్చంతా గీకి తీసి, చెరువు మట్టి తోలించినంకనే పత్తి మళ్లీ నిలబడింది. గంగాధర్ గారు ఈ మాటలేవీ మాకు చెప్పలేదు. సునంద తన భర్త సంగతి తానే చెబుతున్నందుకు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది, కానీ చెప్పడం ఆపలేదు.

మా ఆయన ఇచ్చిన మాట మిషన్ గురించే. దానితో అన్నీ సర్దుకుంటాయని అతను నమ్మాడు, నేనూ నమ్మాను.

మొగులమ్మ గట్టు మీది నుంచి లేచి చీర దులుపుకుంది. నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"మిషన్ పెట్టుండ్రి. సగం బండలు కోసుడు ఆపండ్రి అది వచ్చేదాంక. బిళ్లలకు పైన కప్పేయాలె, నా గట్టు దిక్కు ఒక్కటి పెట్టొద్దు. నా చేన్ల తెల్లమన్ను మీరే తీయాలె, చెరువుమట్టి మీరే తోలాలె. గివి ఒప్పుకుంటె ఫ్యాక్టరీ ఉండనీ అంట. లేకుంటె మూయమంట."

"మా ఆయనకు ఫోన్ చేసి..."

"ఆయన ఏం చెప్తడో ఊర్లె చెప్తడు. నేను వచ్చింది నీతోని. నువ్వు చెప్పు."

ఎండకు నేల మీది గాలి అలల్లాగా కదులుతోంది. సగం మిషన్లు ఆపితే ఆర్డర్లు ఏమవుతాయి? పనివాళ్లకు ఏం చెప్పాలి? నేనెప్పుడూ ఫ్యాక్టరీ విషయంలో మా ఆయన్ను అడగకుండా ఒక్క బండ కూడా అటూఇటూ జరపలేదు. కానీ ఆమె చేతిలో ఇంకా సుమన్‌బాయి చేని మన్ను ఉంది, నల్లగా, మెత్తగా. మా వెనక కాలువ పక్కన ఉన్నది అట్లా లేదు.

"ఒప్పుకుంటున్న" అన్నాను. అన్నాక భయం తగ్గలేదు, ఇంకా పెరిగింది.

తిరుగు దారి

రైల్లో మొగులమ్మ పడుకొని నిద్రపోయింది. నాకు నిద్ర పట్టలేదు. బస్వరాజ్‌కు ఎట్లా చెప్పాలో మనసులో వాక్యాలు కూర్చుకుంటూ, చెరిపేసుకుంటూ వచ్చాను. కాగజ్‌నగర్ దగ్గర ఆమె లేచి, సునంద కట్టిచ్చిన భాకరీలో సగం విరుచుకొని తిని, మిగతా సగం మళ్లీ కట్టుకుంది. నాకేమీ ఇవ్వలేదు. నేనూ ఆశించలేదు.

పెద్దమనుషులు పంచాయతీ ఆఫీసు వరండాలో కూర్చున్నారు. "చూసినవా?" అని అడిగారు. చూశానంది మొగులమ్మ. గట్టు మీద నాతో అన్న మాటలన్నీ అక్కడా అదే వరసలో చెప్పి, "ఈమె ఒప్పుకున్నది" అని ముగించింది. అందరూ మా ఆయన వైపు చూశారు. అతను నా వైపు చూశాడు.

"మిషన్ మంచిదే. కానీ అదొక్కటే సరిపోదు. నేను నేల చూసొచ్చిన" అన్నాను.

అతను "సరే" అన్నాడు. ఇంటికొచ్చి తలుపు తీస్తూ అడిగాడు, "చెరువుమట్టికి ఎవరిని అడగాలె?" అని. నేను గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను.

తొలకరి వచ్చేటప్పటికి బురద దిగడానికి గుంటలు తవ్వించాం, బిళ్లలు పెట్టే చోటికి కప్పేశాం, రెండు మిషన్లు ఆపాం, మొగులమ్మ చేన్లో తెల్లమన్ను గీకించి చెరువుమట్టి తోలించాం. మేం డబ్బు కట్టిన ప్రెస్ మాత్రం ఇంకా నాగపూర్‌లోనే ఉంది. మొదటి వాన పొద్దున్నే పడింది. గొడుగు కూడా మరిచి కాలువ దగ్గరికి పోయాను. మొగులమ్మ అప్పటికే గట్టు మీదుంది, తల మీద గోనెసంచి. నీళ్లు వస్తున్నాయి. ఇద్దరం ఒంగి చూశాం. మట్టిరంగులో ఉన్నాయి. ఇంకాసేపు చూశాం. మట్టిరంగులోనే ఉన్నాయి.

"ఈ వానకైతే సరే" అంది, అంతే.

ఆ తర్వాత ప్రెస్ వచ్చింది. దాన్ని నడపడం నేర్చుకోవడానికి మా పనివాళ్లకు చాలా తిప్పలైంది, ఇప్పుడూ బట్ట చినిగినప్పుడల్లా నేను ముందు కాలువ దగ్గరికి ఉరుకుతాను. కంది విత్తనాలు వేసిన కొన్నాళ్లకు మొగులమ్మ మనిషిని పంపింది, వచ్చి చూసిపొమ్మని. ఏమైందోనని గాబరాగా పోయాను. చేను దిగువ భాగంలో మేం మట్టి తోలిన చోట మొలకలు లేచాయి, కానీ అక్కడక్కడే. నడుమ నడుమ ఖాళీలు.

"సగమే మొలిచింది" అంది.

"మిగతా సగం?" అన్నాను భయంగా.

"మిగతా సగానికి వచ్చే ఎండకాలం మళ్లా మట్టి తోలుండ్రి. ఈసారన్న జర మెత్తటిది చూసి తేండ్రి, పోయినసారి తెచ్చిన దాంట్ల అన్నీ రాళ్లే" అని, ఒంగి, ఒక మొలక పక్కనున్న గడ్డి పీకింది.